పెరట్లో పచ్చని స్తంభం

సత్యనారాయణ వ్రతానికి పీట వేసి, నాలుగు మూలలా నాలుగు అరటి పిలకలు కట్టేసరికి ఇంట్లో మండపం లేస్తుంది. పెళ్లి పందిరి గుమ్మానికి అటూ ఇటూ గెలలతో సహా బోదెలు నిలబెడితే అది ద్వారమవుతుంది. వడ్రంగితోనూ తాపీమేస్త్రీతోనూ పని లేదు. స్తంభం, తోరణం, పైన ఆకుల గొడుగు, అన్నీ ఒక్క మొక్కే ఇచ్చింది. తెలుగువాళ్లు అరటిని తినడానికి ఎంత పెంచారో, శుభకార్యానికి కట్టడంగా నిలబెట్టడానికీ అంతే పెంచారు.

అలాంటి మొక్కని మనం ఇంటి వెనక, అంట్లు తోమే చోటుకి పంపేశాం. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు నర్సరీకి వెళ్లి గేటు పక్కకి విసనకర్రలా విచ్చుకునే ట్రావెలర్స్ పామ్, కాంపౌండు వారకి హెలికోనియా, వరండా ముందుకి బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ కొనుక్కొస్తున్నారు. ఇవన్నీ అరటికి చుట్టాలే. వీటన్నిటికీ ఇంటి ముందు చోటిచ్చినవాళ్లు అరటికీ ఇవ్వవచ్చు. ఎత్తు, ఆకారం, వెలుగుతో ఆడే గుణం, ఏ లెక్కన చూసినా మన వాతావరణంలో పెరిగే మొక్కల్లో దీనికి సాటి రాగలిగినవి తక్కువ. కాకపోతే దాన్ని పొదలా వదిలేయకుండా చేత్తో కత్తి పట్టుకుని పెంచాలి.

గాలి గదుల కట్టడం

అరటికి చెక్క లేదు, బెరడు లేదు. మనం బోదె అని పట్టుకునేదంతా ఒకదానిమీద ఒకటి బిగుసుకున్న ఆకుల తొడుగులే. అసలు కాండం నేలలో దాక్కుని ఉంటుంది. మనం దుంప అనేది దాన్నే. పూత వేళ వచ్చేదాకా అది పైకి రాదు. చెక్క కట్టకుండా, పూలు పూసే మొక్కలన్నిటిలోకీ ప్రపంచంలో అతి పెద్దది ఇదే. బోదె బరువులో సుమారు 90 శాతం నీళ్లే ఉంటాయి.

నీళ్లు నిండిన మెత్తటి మొక్క అంత ఎత్తు ఎలా నిలబడింది? ఒక డొప్పని అడ్డంగా కోసి వెలుగుకి ఎత్తి చూస్తే తెలుస్తుంది. లోపలా బయటా రెండు పలుచని గోడలు, వాటి మధ్య వరసగా గాలి గదులు, గదికీ గదికీ నడుమ సన్నని అడ్డుగోడ. తక్కువ సరుకుతో ఎక్కువ బరువు మోయించే ఉపాయం అది. పది పన్నెండు అడుగుల ఎత్తున వేలాడే గెలని ఈ గదులే మోస్తున్నాయి. కార్తీకం ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, అరటి డొప్పల్లో దీపాలు పెట్టి గోదావరిలో వదులుతారు కదా, ఆ దీపాలు మునగకుండా సాగిపోయేదీ ఈ గాలి గదుల వల్లే.

ఆకు పనితనం ఇంకా ముచ్చటైనది. మొవ్వలోంచి చుట్టగా లేచి, కొద్ది రోజుల్లో విప్పుకుంటుంది. అప్పుడు దాని మీద మచ్చ ఉండదు, చీలిక ఉండదు. వెనకనుంచి ఎండ పడితే ఆకంతా దీపం పెట్టినట్టు వెలుగుతుంది. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి ఈనెకి రెండు వైపులా ఉన్న రెక్కలు కిందికి వాలి దాదాపు ముడుచుకుంటాయి. నీరు ఆవిరైపోకుండా మొక్క చేసుకునే ఏర్పాటు అది. మధ్యాహ్నం చూసి మొక్క వాడిపోయిందని కంగారు పడక్కర్లేదు, సాయంత్రం మళ్లీ విచ్చుకుంటుంది.

గాలికి ఆకు చీలిపోతుందని చాలామంది బాధపడతారు. నడి ఈనె నుంచి అంచుదాకా నరాలన్నీ ఒకే వరసలో సాగుతాయి కాబట్టి ఆ వరస వెంటే చీలుతుంది. చీలినా ఏ పట్టీకి ఆ పట్టీ బతికే ఉంటుంది. చీలికల్లోంచి గాలి దాటిపోతుంది కనుక అంత పెద్ద ఆకు పట్టుకుని గాలి మొక్కని విరిచేయలేదు. మరీ చింపిరి కాకుండా నిండాకు అందం కావాలంటే గాలి మరుగు చూసి నాటుకోవాలి. ఆ సంగతికి వస్తాను.

అందం కోసం పెంచిన అరటి

అరటిని చూడముచ్చట కోసం పెంచడం కొత్తేమీ కాదు. చైనాలోని సుఝౌ నగరంలో హంబుల్ అడ్మినిస్ట్రేటర్స్ గార్డెన్ అనే పాత ఉద్యానవనం ఉంది. అందులో వాన చప్పుడు వినడానికని ఒక మంటపం కట్టి, దాని పక్కన అరటి వేశారు. జపాన్ హైకూ కవి బషో పేరు అరటి మొక్కదే. 1681లో శిష్యుడొకరు ఆయన కుటీరం ముందు అరటి నాటితే, ఆ కుటీరానికీ చివరికి ఆయనకీ అదే పేరు స్థిరపడింది. ఆ మొక్క తినదగిన కాయ కాసే జాతి కాదు. ఆకు కోసమే దాన్ని పెట్టుకున్నారు.

ఐరోపావాళ్లు దీనికోసం పడ్డ తాపత్రయం ఇంకో కథ. హాలండులో హార్టెకాంప్ అనే ఎస్టేటులో జార్జ్ క్లిఫర్డ్ అనే సంపన్నుడికి గాజు ఇళ్ల తోట ఉండేది. అక్కడి అరటిని పూయించే పని కార్ల్ లిన్నేయస్ చేతిలో పడింది. మొక్కలన్నిటికీ రెండేసి మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తర్వాత స్థిరపరిచింది ఈయనే. కొన్నాళ్లు నీళ్లు ఆపి, తర్వాత వానాకాలం వచ్చినంత నీళ్లు గుమ్మరించి, ఆయన దాన్ని పూయించాడు. 1736లో ఆ ఒక్క మొక్క మీద ఒక పుస్తకమే రాశాడు.

ఇంకో వందేళ్లకి ఇంగ్లండులో చాట్స్‌వర్త్ భవనంలో డెవన్‌షైర్ ఆరో డ్యూక్ విలియం కావెండిష్ దగ్గర జోసెఫ్ పాక్స్‌టన్ తోటపని పెద్దగా ఉండేవాడు. మారిషస్ నుంచి వచ్చిన ఒక పొట్టి అరటిని గాజు ఇంట్లో పెంచి 1835లో పూయించాడు. యజమాని ఇంటిపేరు దానికి పెట్టారు. ఆ తర్వాత పనామా తెగులు దెబ్బకి, అంతవరకూ ప్రపంచ వ్యాపారాన్ని ఏలిన గ్రో మిషెల్ అనే రకం కుప్పకూలింది. 1960ల నాటికి దాని స్థానంలోకి కావెండిష్ జాతి వచ్చింది. ఇవాళ పులివెందుల, అనంతపురం ప్రాంతాల్లో ఎకరాల కొద్దీ కనిపించే గ్రాండ్ నైన్, మార్కెట్లో జీ9 అనేది, ఆ కావెండిష్ కుటుంబానిదే. ఒక జమీందారు గాజు ఇంట్లో అపురూపంగా పెంచుకున్న జాతి ఇప్పుడు లోకమంతటి పండ్ల బుట్టల్లో ఉంది.

ఎక్కడ నాటాలి

మొదట వెలుగు చూసుకోండి. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగలాలి. మీరు రోజూ కూర్చునే కిటికీకీ సూర్యుడికీ మధ్య మొక్క పడేలా చోటు ఎంచుకుంటే వెలుగు ఆకులోంచి వడకట్టుకుని వస్తుంది. ఉదయం వరండాలో కాఫీ తాగేవాళ్లు తూర్పున వేసుకోవచ్చు. పడమర వేస్తే సాయంత్రం అందంగానే ఉంటుంది గాని, ఏప్రిల్, మే నెలల వడగాలి నేరుగా కొడుతుంది. తెలంగాణలో, రాయలసీమలో పడమటి వైపు గోడో, వేపచెట్టో, మునగ వరసో అడ్డం ఉండాలి. 38 డిగ్రీలు దాటిన ఎండలో ఆకు అంచులు మాడతాయి. చలి పది పన్నెండు డిగ్రీలకి దిగితే పెరుగుదలే ఆగిపోతుంది. ఆదిలాబాద్ వైపు వాళ్లు డిసెంబరులో మొవ్వ కదలడం లేదని దిగులు పడనవసరం లేదు.

గోడకి కనీసం ఆరడుగుల దూరం ఇవ్వండి. అరటి వేళ్లు పునాదిని బద్దలు కొట్టేంత గట్టివి కావు. అవి సన్నటివి, చాలావరకు పై అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. అయితే దానికి పోసే నీళ్లతో గోడ అడుగు ఎప్పుడూ తడిగా ఉంటే నెమ్ము ఎక్కుతుంది. దూరం అందుకే. ఆకులు పూర్తిగా చేతులు చాచడానికీ అంత చోటు కావాలి. గోడకి ఒత్తి నాటిన అరటి ఎప్పటికీ ఒంటి చేతి మనిషిలానే కనిపిస్తుంది.

నూతి దగ్గర, జలదారి పక్కన వేసే పాత అలవాటులో తెలివి ఉంది, ఎందుకంటే అరటికి నీళ్లు పుష్కలంగా కావాలి. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు దానికి చక్కగా సరిపోతాయి. వాషింగ్ మెషీన్ సబ్బు నీళ్లు మాత్రం రోజూ మళ్లించకండి. నీరు పారాలి గాని నిలవకూడదు. నిలిస్తే దుంప కుళ్లుతుంది.

రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గొయ్యి తీసి, నాలుగు రోజులు ఎండనిచ్చి, బాగా చివికిన పశువుల ఎరువు పది కిలోలు, గుప్పెళ్లతో వేపపిండి కలిపి పూడ్చుకోవాలి. తొలకరి పడ్డాక, జూన్, జూలై నెలల్లో నాటితే మొక్క నిలదొక్కుకోవడానికి మంచి అదను. పిలకని ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంది. ఒకే దుంప నుంచి రెండు రకాల పిలకలు వస్తాయి. వెడల్పాటి ఆకులతో చూడగానే ఆకట్టుకునేవి నీటి పిలకలు. వాటికి తల్లి దుంపతో గట్టి బంధం ఉండదు, అవి బలంగా ఎదగవు. కత్తి మొనలాంటి సన్నని ఆకులతో, అడుగున లావుగా ఉండేవి సూది పిలకలు. కావలసినవి అవి. మూడు నెలల వయసు, కిలోన్నర నుంచి రెండు కిలోల బరువున్న సూది పిలకని తెచ్చి, పాత వేళ్లు కత్తిరించి, దుంప మీద నల్లబడ్డ భాగం చెక్కేసి నాటాలి. చెక్కేటప్పుడు పాత చీర కట్టుకోండి, పాత చొక్కా వేసుకోండి. అరటి కర బట్టకి అంటిందంటే వదలదు.

కత్తి పట్టిన చెయ్యి

పెరటి అరటి అందవిహీనంగా తయారవడానికి ఒకే కారణం ఉంది. పిలకలన్నిటినీ ఉంచేస్తాం. రెండేళ్లలో పది పన్నెండు బోదెలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎండుటాకులు వేలాడతాయి, దోమలు చేరతాయి, గెలలు చిన్నబోతాయి. అప్పుడు విసుగుపుట్టి మొత్తం పీకించేస్తాం. తప్పు మొక్కది కాదు.

కోనసీమ రైతు ఇంటి చుట్టూ ఉన్న అరటి చూడండి. ఒక్కొక్క దుంప దగ్గర లెక్కగా ఉంటాయి. ఆ లెక్క తల్లి, పిల్ల, మనవరాలు. గెల వేసిన బోదె ఒకటి, నడుం ఎత్తున పెరుగుతున్నది ఒకటి, అప్పుడే మొలకెత్తిన సూది పిలక ఒకటి. మూడు తరాలు, మూడు ఎత్తులు. తోటల రూపకల్పన చేసేవాళ్లు ఎంతో ఆలోచించి అమర్చే మెట్ల ఆకారం ఇక్కడ దానంతటదే వస్తుంది. ప్రతి బోదె ఒక్కసారే పూస్తుంది, ఒక్కసారే గెల వేస్తుంది, తర్వాత చనిపోతుంది. దుంప మాత్రం పిల్లల్లో బతుకుతూనే ఉంటుంది. సరిగా చూసుకుంటే ఒకే చోట ఏళ్లతరబడి ఈ సంసారం సాగుతుంది.

మొదటి బోదె పూత వేసేదాకా వచ్చిన పిలకల్ని నెలకోసారి నేలమట్టానికి కోసి, మధ్యలో మొవ్వని కత్తి మొనతో తవ్వేయాలి. పైపైన కోస్తే వారంలో మళ్లీ లేస్తాయి. పూత కనిపించాక ఒక్క సూది పిలకని ఉంచాలి. దాన్ని ఎటువైపు ఉంచుతామన్నది మన ఇష్టం. గోడకి దూరంగా, ఎండ వైపు ఉన్నదాన్ని ఉంచితే గుబురు అటు జరుగుతుంది. అరటి అలా ఏటేటా ఒక అడుగు నడుస్తుంది. ఎటు నడవాలో మనం చెప్పాలి. కొన్నేళ్లకి కొత్త దుంపలు నేల మీదికి తేలినట్టు కనిపిస్తాయి. అప్పుడు మొదట్లో మట్టి ఎగదోయాలి. లేకపోతే గెల బరువుకి ఒరిగిపోతాయి.

ఎండిన ఆకుల్ని తొడుగు దగ్గరికి కోసేయండి. కోసిన ఆకులు పారేయకుండా మొదట్లోనే పరిస్తే తేమ నిలుస్తుంది, నేల చల్లగా ఉంటుంది. పచ్చి ఆకుల్ని మాత్రం పండగ పేరుతో ఎడాపెడా కోయకండి. పూత వచ్చే సమయానికి మొక్క మీద ఎనిమిది ఆకులకి తగ్గకుండా ఉండాలి. గెలని నింపేది ఆ ఆకులే. భోజనానికి ఆకు కావాలంటే పిలకల ఆకులు కోసుకోండి, అవి లేతగా ఉంటాయి, విరగవు.

అరటి తిండి బాగా తినే మొక్క. దానికి పొటాష్ మీద ఎక్కువ ఆకలి. కట్టెల పొయ్యి బూడిద దొరికితే రెండు నెలలకోసారి రెండు గుప్పెళ్లు చుట్టూ చల్లి నీళ్లు పెట్టండి. పశువుల ఎరువు మూడు నెలలకోసారి ఇవ్వండి.

పువ్వు దిగే రోజులు

దాదాపు ఏడాది పొడుగునా ఆకుల తర్వాత ఆకులు పుట్టించిన దుంప ఒక రోజు ఆ పని మానేస్తుంది. లోపల, బోదె నడుమ నుంచి పూత కాడ పైకి ప్రయాణం మొదలుపెడుతుంది. బయట మనకి కనిపించే గుర్తు ఒక్కటే. చివరి ఆకు మిగతావాటికంటే బాగా చిన్నగా, పొట్టిగా వస్తుంది. దాని వెనకే వంకాయ రంగు మొగ్గ బయటపడి, బరువుకి కిందికి వంగుతుంది. రోజుకో రేకు పైకి లేస్తుంది. ఒక్కో రేకు కింద రెండు వరసల పూలు. మొదట దిగేవి ఆడపూలు, అవే కాయలవుతాయి. మనం తినే అరటికి పరాగం అక్కర్లేదు, గింజ కట్టకుండానే కాయ నిండుతుంది. చివర్లో వచ్చేవి మగపూలు. వాటి తేనె కోసం పగలు తేనెపిట్టలు, తేనెటీగలు, చీకటి పడ్డాక గబ్బిలాలు వస్తాయి. కిందికి చూస్తున్న లేత కాయలు కొద్ది రోజుల్లో వంపు తిరిగి పైకి చూస్తాయి. ఈ నాలుగు వారాలు పిల్లల్ని రోజూ ఒకసారి మొక్క దగ్గరికి తీసుకెళ్లండి. వృక్షశాస్త్రం పాఠంలో ఉన్నవన్నీ అక్కడ వేలాడుతూ కనిపిస్తాయి.

అత్తాలు కట్టడం ఆగాక మిగిలిన పువ్వుని కోసేయాలి. గెల బలం పుంజుకుంటుంది, ఇంట్లో ఆవపెట్టిన కూర అవుతుంది. అదే సమయంలో వెదురు గెడతో బోదెకి ఊతం ఇవ్వాలి. గాలివానకి అరటి ఎంత లోకువో గోదావరి జిల్లాలకి బాగా తెలుసు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో కొబ్బరినే కూల్చింది, ఇక అరటి సంగతి చెప్పేదేముంది! పూత నుంచి సుమారు వంద రోజులకి కాయ కోణాలు తగ్గి గుండ్రబడతాయి. అప్పుడు గెల దింపుకోవచ్చు.

గెల దింపగానే బోదెని మొదలంటా నరికేయడం అలవాటు. అలా చేయకండి. మనిషి ఎత్తున ఉంచి కోసి, తర్వాత అంచెలంచెలుగా తగ్గించండి. ఆ బోదెలో మిగిలిన నీరూ సారమూ దుంప ద్వారా పిల్లకి చేరతాయి. పైన కోసిన ముక్కలో దూట తీసుకుని పెరుగు పచ్చడి చేసుకోవచ్చు, డొప్పల నుంచి నార చీలిస్తే పూలమాలకి పనికొస్తుంది.

ఏ రకం?

తోటలో నిలబెట్టడానికి నా మొదటి ఓటు బొంతకి. కూర అరటి కదా అని చిన్నచూపు చూస్తారు గాని, బోదె ఎత్తుగా లావుగా పెరుగుతుంది, ఎండకి తట్టుకుంటుంది, పెద్దగా అడగదు. అడవి అరటి జాతుల్లో మొండిదైన బాల్బిసియానా రక్తం అందులో ఎక్కువ. బోరు నీళ్ల మీద బతికే తెలంగాణ ఇళ్లకి ఇది నప్పుతుంది. కర్పూర చక్కెరకేళి కూడా గట్టిదే, ఎత్తుగా సాగుతుంది. నీళ్లు, నల్లరేగడి లేదా ఒండ్రు నేల ఉన్నవాళ్లు తెల్ల చక్కెరకేళి వేసుకోవచ్చు, దాని రుచికి మరోటి రాదు. అమృతపాణి పండు అపురూపమైనదే, అయితే పనామా తెగులుకి తొందరగా లొంగిపోతుంది. ఎర్ర అరటి బోదె, ఈనె ముదురు ఎరుపు. తెల్లగోడ ముందు అంత నిండుగా మరే మొక్కా కనిపించదు, గెలకి మాత్రం ఏడాదిన్నర ఓపిక పట్టాలి. అపార్ట్‌మెంటు మేడ మీద పెంచాలనుకునేవాళ్లకి వామనకేళి ఉంది, ఆరడుగుల లోపే ఉంటుంది. వంద లీటర్ల తొట్టె కావాలి. తడిసిన మట్టి బరువు కప్పు మోయగలదో లేదో ఇంజినీరుని అడిగాకే పెట్టుకోండి. హ్యూస్టన్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లు శీతాకాలంలో ఆకులు మాడిపోయినా దుంప మీద మందంగా గడ్డి కప్పితే వసంతంలో మళ్లీ మొవ్వ వేస్తుంది.

తెగుళ్లలో పెరటివాళ్లు తప్పక గుర్తుపట్టాల్సింది ఒకటే, బంచీటాప్. ఆకులు చిన్నవై, నిటారుగా, గుత్తిగా తలమీద చేరతాయి. పేనుబంక మోసుకొచ్చే వైరస్ ఇది, మందు లేదు. దుంపతో సహా తవ్వి కాల్చేయాలి, అక్కడి పిలక ఎవరికీ ఇవ్వకూడదు. ఆకుమచ్చకి మచ్చపడ్డ ఆకులు కోసేస్తే ఇంటి మట్టుకు చాలు. దుంప తొలిచే ముక్కు పురుగు పాత బోదె మొదళ్లలో కాపురం ఉంటుంది కనుక, ఎండిన మొదళ్లు తీసేసి శుభ్రంగా ఉంచాలి.

అరటి పండించడంలో మన దేశం ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. రావులపాలెం మార్కెట్‌కి గెలల బళ్లు వస్తూనే ఉన్నాయి. కొవ్వూరులో అరటి మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది. అయినా ఊళ్లల్లో పెరటి రకాలు ఒక్కొక్కటే తగ్గిపోతూ, మార్కెట్ రకం ఒక్కటే మిగులుతోంది. వాటిని కాపాడుకునే మార్గం విత్తనాల దుకాణంలో లేదు, ఎందుకంటే వీటికి విత్తనాలే లేవు. ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి పిలక చేతులు మారాలి. కాబట్టి ఈ తొలకరికి మీ అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడో, పక్కవీధిలో మంచి గెల వేసిన అరటి కంటపడినప్పుడో మొహమాటపడకండి. తెగులు లేని మొక్క చూసుకుని ఒక సూది పిలక అడిగి తెచ్చుకోండి. ఇంటి ముందు, నలుగురికీ కనిపించే చోట నాటండి. రెండేళ్లలో మీ దగ్గరా పిలకలు మిగులుతాయి. అడిగినవాళ్లకి ఇవ్వండి.